స్టీరింగా, కిటికీ సీటా?

ఈసారి ప్రశ్నలన్నీ సెలవుల ప్రయాణం మీదే. కొండ దారో, సముద్రం వెంట దారో, చూడ్డానికి బాగుంటుందని కుటుంబమంతా కలిసి బయల్దేరేటప్పుడు కారు మనమే నడుపుకోవాలా, లేక ఎవరో నడిపే బస్సులోనో వ్యానులోనో కూర్చోవాలా అన్నదే అసలు చిక్కు.

ప్రశ్న: మేం ఆరుగురం. మేమిద్దరం, పదకొండేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, డెబ్బై దాటిన మా అత్తమామలు. కొండ ప్రాంతంలో ఏడు రోజులు తిరగాలని అనుకుంటున్నాం. ఏడు సీట్ల కారు అద్దెకు తీసుకుంటే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చని మా ఆయన అంటున్నారు. గైడుతో వెళ్లే బస్సే నయమని నాకనిపిస్తోంది. నడపడం వచ్చింది ఆయనొక్కరికే. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వినొచ్చు, కాకపోతే వేర్వేరు రోజుల్లో. ఏడు రోజులకూ కలిపి ఒకే నిర్ణయం తీసుకోవాలనుకోవడం దగ్గరే ఇంట్లో వాదన మొదలవుతుంది. ఒక కాగితం తీసుకుని రోజుకొక వరస రాయండి. ఆ రోజు మొత్తం ఎన్ని కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు ఎంత, ఎంత ఎత్తుకు చేరతారు, చివర కారు నిలపడానికి చోటుందా. ఇవి రాస్తే చాలు, సగం జవాబు కాగితమే చెబుతుంది.

ఉదాహరణకు ఒక రోజు 140 కిలోమీటర్లు అనుకుందాం. అందులో 40 ఘాట్ రోడ్డు. మామూలు రోడ్డు మీద గంటకు 60 చొప్పున నూరు కిలోమీటర్లకు గంటా నలభై నిమిషాలు. హెయిర్‌పిన్ మలుపుల మీద సగటున 25 మించదు కాబట్టి మిగిలిన 40 కిలోమీటర్లకు ఇంకో గంటా ముప్పై ఆరు నిమిషాలు. మ్యాపు చూపించే సమయం ఇంతవరకే. పెద్దవాళ్లు, చిన్నపిల్ల ఉన్న కారు ఎక్కడ ఆగినా ఇరవై నిమిషాలకు తక్కువ కాదు. అయిదు చోట్ల ఆగితే మరో గంటా నలభై. అంటే ఒకవైపు ప్రయాణానికే అయిదు గంటలు. అదే రోజు తిరిగి రావాలంటే చీకటి పడ్డాక, అలసిపోయిన మనిషి చేతిలో స్టీరింగుతో ఘాట్ దిగాలి. మొత్తం యాత్రలో మానుకోవలసింది ఏదైనా ఉంటే అదే.

యూరోపియన్ యూనియన్‌లో బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తీసుకుని తీరాలి. రోజుకు 9 గంటలే నడపాలి, వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా ఒప్పుకుంటారు. అది రోజూ అదే పని చేసే మనిషికి పెట్టిన హద్దు. సెలవుల్లో తెలియని దారిన, అలవాటు లేని కారు నడిపే ఇంటాయనకు అంతకంటే తక్కువే ఉండాలి. ఒక్కరే నడిపేటప్పుడు కొండల్లో స్టీరింగు వెనక నాలుగు గంటలు దాటితే ఆ రోజును బస్సుకు అప్పగించడం మంచిది.

ఇంకో మాట. నడిపే మనిషికి దృశ్యం దక్కదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ రెండు సెకన్లు లోయవైపు తల తిప్పితే కారు 22 మీటర్లు ముందుకు పోతుంది. హెయిర్‌పిన్ మలుపులో అది మలుపంతా. మీ ఆయన చూడాలని కోరుకునే రోజు ఏదో ఆయన్నే అడగండి. ఆ రోజుకు బస్సు టిక్కెట్లు కొనండి. అద్దె కారు ఆ రోజంతా హోటల్ దగ్గర ఊరికే నిలబడి ఉంటుంది, దానికీ డబ్బు కట్టాలి, నిజమే. ఆయన కిటికీ పక్కన కూర్చోవడానికి పెట్టిన ఖర్చు అనుకోండి.

ఏడు సీట్ల కారు గురించి ఒక హెచ్చరిక. ఏడు సీట్లంటే ఏడుగురు, వాళ్ల సామానూ పడతాయని కాదు. మూడో వరస లేపి ఉంచితే చాలా కార్ల డిక్కీలో ఒకటి రెండు పెద్ద పెట్టెలకు మించి పట్టవు. ఆరుగురి సామాను ఎక్కడ పెడతారు? అదీకాక పాపకు పిల్లల సీటు బిగించాలి. రెండో వరసలో దాన్ని బిగించాక ఆ సీటు ముందుకు వంగదు, మూడో వరసలోకి దారి మూసుకుపోతుంది. రెండోవైపు నుంచి వంగి ఎక్కాలి. అత్తమామలకు అది కుదరని పని కాబట్టి బాబో మీరో వెనక్కి వెళ్లాలి. వెనక చక్రాల మీద ఉండే ఆ వరసలోనే కడుపులో ఎక్కువ తిప్పుతుంది. కారు తీసుకోవాలనుకుంటే డిక్కీ ఫొటో మూడో వరస లేపి ఉన్నప్పటిది పంపమని అద్దె సంస్థను ముందే అడగండి. చాలకపోతే తొమ్మిది సీట్ల వ్యాను చూడండి. అదైనా ఎత్తుగా, పొడవుగా ఉంటుంది, అంతస్తుల పార్కింగ్ భవనాల్లో పైకప్పు తగలొచ్చు.

ప్రశ్న: సొంత కారుంటే చూడాల్సిన చోటి తలుపు దాకా వెళ్లొచ్చు కదా, బస్సెందుకు?

జవాబు: వెళ్లలేని చోట్లు చాలానే ఉన్నాయి. అమెరికాలోని జయాన్ నేషనల్ పార్కులో 2000 నుంచి షటిల్ బస్సులు నడుస్తున్నాయి. అవి తిరిగే కాలమంతా లోయలోని సీనిక్ డ్రైవ్ అనే రోడ్డు మీదికి సొంత కార్లను రానివ్వరు. అలాస్కాలోని డెనాలిలో పార్కు రోడ్డు మొత్తం 92 మైళ్లు, వేసవిలో సొంత కార్లకు మొదటి 15 మైళ్లే, ఆపైన బస్సే. స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ ఊళ్లోకి పెట్రోలు, డీజిలు కార్లు రావు. అయిదు కిలోమీటర్ల ముందు టేష్‌లో కారు వదిలి, పన్నెండు నిమిషాలు రైల్లో వెళ్లాలి. ఇలాంటి చోటికి వెళ్తూ రోజంతటికీ కారు అద్దెకు తీసుకుంటే పార్కింగు కోసం కారు కొన్నట్టే. పార్కు అధికారిక వెబ్‌సైట్లో కార్ల గురించి ఏం రాశారో చదివాకే కారు మాట ఎత్తండి.

వాహనం పొడవు కూడా చూసుకోవాలి. అమెరికాలోనే మోంటానాలో ఉన్న గోయింగ్-టు-ద-సన్ రోడ్డు ఎత్తైన భాగంలో, అద్దాలూ బంపర్లూ కలిపి 21 అడుగులకు మించి పొడవున్నా, 8 అడుగులకు మించి వెడల్పున్నా రానివ్వరు. మోటర్‌హోమ్, అంటే లోపలే పడకలూ వంటిల్లూ ఉన్న బండి, తీసుకుని వెళ్లినవాళ్లు అక్కడ వెనక్కి తిరగాల్సిందే. అదే దారిలో 1930ల నాటి ఎర్ర బస్సులు నడుస్తాయి, పైనున్న గుడ్డ కప్పు చుట్టేస్తే ఆకాశం నేరుగా కనిపిస్తుంది. అలాంటి బస్సు ముందు ఏ కారైనా చిన్నబోతుంది.

ప్రశ్న: కొండ దిగేటప్పుడు చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చింది. కారు ఆటోమేటిక్. ఇంకోసారి కొండల్లో నడపాలంటే భయంగా ఉంది. ఏం తప్పు జరిగింది?

జవాబు: దిగేటంతసేపూ బ్రేకు మీద కాలు పెట్టే ఉంచారు. జరిగింది అంతే. అయితే అది చిన్న విషయం కాదు, లెక్క చూడండి. మనుషులతో, సామానుతో కలిపి 1800 కిలోల కారు వెయ్యి మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 1.76 కోట్ల జౌల్‌ల శక్తి ఎక్కడో ఒకచోటికి పోవాలి. అంటే దాదాపు అయిదు యూనిట్ల కరెంటు. అరగంటలో దిగితే 2000 వాట్ల హీటర్లు అయిదు ఆ అరగంటా వెలిగినంత వేడి. గాలి, టైర్ల రాపిడి కొంత తీసుకుంటాయి. మిగిలింది ఇంజినుకు ఇవ్వాలి. మీరు నాలుగు బ్రేకు డిస్కులకు ఇచ్చారు.

వేడెక్కిన బ్రేకులు రెండు రకాలుగా మొరాయిస్తాయి, పెడల్ తీరును బట్టి తేడా తెలుస్తుంది. ప్యాడ్లు కాలిపోతే పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా కారు మాత్రం ఆగదు. బ్రేకు ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరితే మీ కాలి బలం వాటిని నొక్కడానికే సరిపోతుంది. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరిన ఆయిల్‌కు ప్రమాణం 155 డిగ్రీలే. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమంటాయి. సొంత కారులో కొండలకు వెళ్లేముందు చూడాల్సింది టైర్లొక్కటే కాదు.

ఆటోమేటిక్‌లో గేర్ లీవర్ డి మీద వదిలేస్తే కారు పై గేరులోనే జారుతుంది, ఇంజిను పట్టుకోదు. ఎం లేదా మైనస్ గుర్తు, ఎల్, 2, హైబ్రిడ్ అయితే బి, వీటిలో ఏది ఉందో హ్యాండ్‌బుక్‌లో చూడండి. దిగుడు మొదలవ్వక ముందే కింది గేరులోకి మారాలి, వేగం అందుకున్నాక కాదు. ఎక్కేటప్పుడు ఏ గేరు పట్టిందో దిగేటప్పుడూ అదే అన్న పాత సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఇంజిను గట్టిగా అరుస్తుంది. అరవనివ్వండి, ఇంజిను ఎంత జోరుగా తిరుగుతోందో చూపే టాకోమీటరు ముల్లు ఎర్ర గీతకు దూరంగా ఉన్నంతవరకు దానికేమీ కాదు, పెట్రోలు కూడా దాదాపు తాగదు. వేగం పెరిగినప్పుడు బ్రేకును గట్టిగా నొక్కి, పదీ పదిహేను కిలోమీటర్లు తగ్గించి, పూర్తిగా వదిలేయాలి. పాదం సన్నగా ఆనించి ఉంచడం వల్లే డిస్కు చల్లారే సమయం దొరకదు. న్యూట్రల్‌లో దిగడం, ఇంజిను ఆపేసి దిగడం ఎవరు నేర్పినా నేర్చుకోవద్దు. ఇంజిను ఆగితే స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది.

ఎలక్ట్రిక్ కారుకు ఈ బాధ తక్కువ, దిగుతూ బ్యాటరీ నింపుకుంటుంది. కానీ కొండ మీది హోటల్లో రాత్రి నూరు శాతం ఛార్జి చేసి పొద్దున్నే దిగుడు మొదలుపెడితే నింపుకోవడానికి చోటుండదు, అప్పుడు భారమంతా మళ్లీ మామూలు బ్రేకుల మీదే. పైన ఉన్నప్పుడు 80, 85 శాతం దగ్గర ఆపేయండి.

వాసన వస్తే వెడల్పైన చోట పక్కకు తీసి, పార్క్‌లోనో గేరులోనో పెట్టి, చక్రం కింద రాయి పెట్టి అరగంట ఆగండి. వేడి బ్రేకుల మీద హ్యాండ్‌బ్రేకొక్కటే నమ్మొద్దు, లోహం చల్లారి కుంచించుకున్నప్పుడు పట్టు సడలొచ్చు. నీళ్లు పోయొద్దు, డిస్కు వంకరపోతుంది లేదా పగులుతుంది. బయల్దేరేముందు పెడల్ తొక్కి చూడండి. ఇంకా మెత్తగా దిగిపోతుంటే కదలకుండా సాయం కోసం ఫోన్ చేయండి.

ఇంత చెప్పాక కూడా భయం పోకపోతే ఆ దారికి బస్సెక్కండి. సిగ్గుపడాల్సిన పని లేదు. ఇటలీలోని స్టెల్వియో కనుమకు ఒకవైపు నుంచి 48 హెయిర్‌పిన్ మలుపులు, పైన 2757 మీటర్ల ఎత్తు. అలాంటి దారి నడపడంలో సరదా ఉన్నవాళ్ల కోసం, కుటుంబంలో మిగిలినవాళ్ల కడుపుల కోసం కాదు.

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. మలుపుల దారిలో వాంతులు తప్పవు. తనతో కారు మేలా, బస్సు మేలా?

జవాబు: కారు, లేదా చిన్న వ్యాను. కారణం ఒక్కటే, అయిదు నిమిషాల్లో ఆపొచ్చు. నలభై మందితో నిండిన బస్సు మీ అమ్మాయి కోసం లోయ అంచున ఆగదు, ఆగడానికి చోటూ ఉండదు. దారి ఉంటే రైలు ఇంకా మేలు, పట్టాలకు అంత బిగువైన మలుపులు ఉండవు.

లోపలి చెవి కదులుతున్నామంటుంది, కళ్లేమో ముందు సీటు వీపును చూస్తూ కదలడం లేదంటాయి. ఈ తగాదాకే వాంతి వస్తుంది. రెండు నుంచి పన్నెండేళ్ల వయసులో ఇది ఎక్కువ. ఫోను, పుస్తకం తీసేయండి, దూరంగా కొండ అంచు చూడమనండి. ముందు అద్దంలోంచి దారి కనిపించేలా వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టండి, అక్కడ తన ఎత్తుకు సరిపడే పిల్లల సీటు, బెల్టు కుదిరితేనే. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. మందు వాడితే డాక్టరు చెప్పిన మోతాదులో, బయల్దేరడానికి అరగంట నుంచి గంట ముందు. తిప్పడం మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు. రెండేళ్ల లోపు పిల్లలకు ఈ మందులు ఇవ్వరు.

పెద్దవాళ్లలో ఎవరికైనా తిప్పుతుంటే, వాళ్లకు డ్రైవింగు బాగా వస్తే, స్టీరింగు వాళ్లకివ్వండి. మలుపు రాబోతోందని ముందే తెలిసిన మనిషికి తిప్పడం చాలా అరుదు. వాంతుల మందు వేసుకోకపోతేనే సుమా, దాంతో నిద్ర ముంచుకొస్తుంది. బస్సే ఎక్కాల్సి వస్తే ముందు, వెనక చక్రాలకు మధ్య ఉన్న సీట్లు అడగండి. చిట్టచివరి వరస వెనక చక్రాల అవతల వేలాడుతూ ఉంటుంది, ప్రతి మలుపుకూ అది ఎక్కువ ఊగుతుంది.

ప్రశ్న: లెక్కేస్తే ఏది చవక?

జవాబు: కారు ఖర్చు తలకు కాదు, బండికి. బస్సు ఖర్చు తలకు. కారుకు ఒక రోజు అయ్యే మొత్తాన్ని ఒక బస్సు సీటు ధరతో భాగించండి. మూడున్నర వచ్చిందనుకోండి, నలుగురైతే కారు చవక, ముగ్గురైతే బస్సు. లెక్క తప్పేది ఆ మొత్తం కట్టడంలోనే. అద్దె, పెట్రోలు, టోల్, పార్కింగు, రెండో డ్రైవరు రుసుము, పిల్లల సీటు అద్దె, ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో వదిలితే దాని రుసుము, అన్నీ కలపాలి. పిల్లల టిక్కెట్లకు బస్సులో రాయితీ ఉందా అన్నదీ చూడండి.

బీమా కాగితంలో ముందు మినహాయింపులు చదవండి. టైర్లు, అద్దాలు, బండి అడుగు భాగం మామూలు బీమాలో చాలాసార్లు ఉండవు. కొండ దారిలో దెబ్బతినేవి సరిగ్గా అవే. ఐస్‌లాండ్‌లో ఎఫ్ అక్షరంతో మొదలయ్యే రోడ్ల మీదికి ఫోర్-వీల్-డ్రైవ్ లేకుండా వెళ్లకూడదు. వాగు దాటుతూ ఇంజినులోకి నీళ్లు పోతే సాధారణంగా బీమా వర్తించదు, ఈదురుగాలికి కారు తలుపు విరిగినా అంతే. అక్కడ తలుపు తీసేటప్పుడు రెండు చేతులూ పెట్టమనేది అందుకే. అన్నట్టు, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఒక్కటే చాలదు, మీ అసలు లైసెన్సు పక్కన ఉంటేనే దానికి విలువ.

ప్రశ్న: గైడుతో బస్సు బుక్ చేసేముందు ఏమేం అడగాలి? ప్రకటనల్లో అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి.

జవాబు: ముందుగా బస్సులో ఎన్ని సీట్లు? 16 సీట్ల వ్యాను అయిదు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. నలభై అయిదు మంది ఒక్క తలుపులోంచి దిగి, ఎక్కి, లెక్క సరిపోవడానికి ఆగిన ప్రతి చోటా పావుగంట దాకా పోతుంది. హోటళ్ల దగ్గర ఎక్కించుకుంటామంటే మీది మొదటి హోటలా, చివరిదా? మొదటిదైతే ఊళ్లో గంట తిరుగుడు మీ ఖాతాలోనే. ఏ చోట ఎన్ని నిమిషాలు ఆగుతారో రాసివ్వమనండి. "ఫొటో స్టాప్" అంటే కొన్నిచోట్ల దిగకుండా అద్దంలోంచి చూడటమే. దుకాణాల దగ్గర ఆగే సమయం విడిగా అడగండి. దారి మంచుకో కొండచరియలకో మూసేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా, వేరే చోటికి తీసుకెళ్తారా? సీటు బెల్టులు ఉన్నాయా, వాటికి పిల్లల సీటు బిగుస్తుందా? డ్రైవరే గైడా, విడిగా ఇంకొకరా? ఘాట్ రోడ్డు మీద మైకులో మాట్లాడుతూ నడిపే మనిషి కంటే ఇద్దరున్న బస్సు నయం.

దూరం ఎక్కువైన ఒకరోజు యాత్రలకు బస్సు వైపే మొగ్గండి. న్యూజిలాండ్‌లో క్వీన్స్‌టౌన్ నుంచి మిల్ఫర్డ్ సౌండ్ అనే సముద్రపు పాయకు దాదాపు 290 కిలోమీటర్లు, ఆగకుండా వెళ్లినా నాలుగు గంటలు. పడవ కూడా ఎక్కి తిరిగొచ్చేసరికి పన్నెండు గంటలు దాటుతుంది. అదే దారి మధ్యలోని టె అనౌ ఊళ్లో రాత్రి బస చేస్తే మిగిలేది 120 కిలోమీటర్ల లోపే, అప్పుడు కారు హాయిగా సరిపోతుంది. బస ఎక్కడ అన్నది మార్చితే బండి ఏది అన్న జవాబూ మారిపోతుంది.

బస్సు కాక రైలనుకుంటే, స్విట్జర్లాండ్‌లోని గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ లాంటి పెద్ద కిటికీల రైళ్లలో అద్దాలు తెరుచుకోవు, ఫొటోల్లో మీ చొక్కాయే కనిపిస్తుంది. ముదురు రంగు బట్టలు వేసుకుని కెమెరాను అద్దానికి ఆనించండి. ఆ రైలుకు సీటు రిజర్వేషన్ తప్పనిసరి. అదే పట్టాల మీద మామూలు రైళ్లు రిజర్వేషన్ లేకుండానే నడుస్తాయి. పిల్లలు విసిగితే తర్వాతి స్టేషన్లో దిగి ఇంకో రైలెక్కవచ్చు.

ప్రశ్న: ద్వీపకల్పం చుట్టూ సముద్రం వెంట తిరిగొచ్చే దారిలో కారు నడపబోతున్నాం. ఎటునుంచి మొదలుపెట్టాలి?

జవాబు: ఎడమవైపు నడిపే దేశమైతే గడియారపు ముల్లు తిరిగే వైపు వెళ్లండి, సముద్రం మీ వైపే ఉంటుంది. ఆగడానికి ఎదురు బండ్లను దాటి అడ్డంగా తిరగక్కర్లేదు. కుడివైపు నడిపే దేశాల్లో దీనికి తిరగేయండి. అయితే ఐర్లాండ్‌లోని రింగ్ ఆఫ్ కెర్రీ, 179 కిలోమీటర్ల దారి, ఇక్కడ ఒక చిక్కు తెస్తుంది. అక్కడ టూరిస్టు బస్సులు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. మీరు ముల్లు వైపు వెళ్తే సముద్రం దక్కుతుంది, కానీ ఇరుకు చోట్ల బస్సులు ఎదురొస్తాయి. వాటి దిశలోనే వెళ్తే రోజంతా బస్సు వెనక అద్దమే చూడాలి. వెనక్కి తీసుకుని దారివ్వడం బాగా వచ్చినవాళ్లు సముద్రం వైపే వెళ్లొచ్చు. రానివాళ్లు బస్సుల దిశే పట్టుకుని, అవి బయల్దేరక ముందే పొద్దున్నే కారు తీయండి.